టేపునుండి కంప్యూటరునకు

ధ్వనిని అయస్కాంత టేపుపై నిలుపు విద్యకు 1928లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ ఫ్లూమర్ బాట వేసెను. కాగితపు పట్టీపై అయస్కాంత గుణముగల పొడిని పూసి అతడు పని సాధించెను. చిత్రమును అట్లే నిలుపుటకు మరి రెండు దశాబ్దములకు పైగా పట్టినది. కారణము స్పష్టమే. మనుష్యుని చెవికి వినబడు ధ్వనులు సెకనుకు సుమారు 20,000 కంపనములను మించవు. టెలివిజన్ సంకేతమున ఆ సంఖ్య కొన్ని పదుల లక్షలు. ఇంత త్వరగా మారు సంకేతము టేపుపై విడివిడి గుర్తులుగా నిలువవలెనన్న, టేపు హెడ్డునకు ఎదురుగా మిక్కిలి వేగముగా సాగవలెను.

బి.బి.సి. ఇంజనీర్లు సూటిగా ఆ దారినే పట్టిరి. వారు 1958లో ప్రదర్శించిన ‘వేరా’ యంత్రమున టేపు సెకనుకు 200 అంగుళములు పరుగెత్తెడిది. 15 నిమిషముల కార్యక్రమమునకు నాలుగున్నర కిలోమీటర్ల టేపు కావలసివచ్చెను!

అమెరికాలో ఆంపెక్స్ కంపెనీవారు అంతకు రెండేండ్లు ముందే వేరొక ఉపాయము కనుగొనియుండిరి. టేపును పరుగెత్తించుటకు మారుగా హెడ్డునే త్రిప్పినచో? చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున పనిచేసిన ఆ చిన్న బృందమున, తరువాతి కాలమున ధ్వనిరంగమున పేరొందిన రే డాల్బీ కూడ ఉండెను. వారు 1956 ఏప్రిల్ 14న షికాగోలో చూపిన యంత్రమున 2 అంగుళముల వెడల్పుగల టేపు సెకనుకు 15 అంగుళములు మాత్రమే కదలెను. నాలుగు హెడ్లుగల చక్రము నిమిషమునకు 14,400 చుట్లు తిరుగుచు టేపును అడ్డముగా గీచుచుండెను. ఆ యేడు నవంబరు 30న సి.బి.యస్. సంస్థ తన వార్తలను టేపునుండి ప్రసారము చేసెను.

1975లో సోనీవారి బీటామాక్స్, 1976లో జె.వి.సి.వారి వి.హెచ్.యస్. ఈ విద్యను ఇండ్లకు చేర్చినవి. వి.హెచ్.యస్. డెక్కులో 62 మిల్లీమీటర్ల వ్యాసముగల డోలు వాలుగా తిరుగును. మనదేశమున అనుసరించిన పాల్ పద్ధతిలో దాని వేగము నిమిషమునకు 1,500 చుట్లు. హెడ్లు అంత వేగముగా తిరుగుటచే, గంట చిత్రమునకు 84 మీటర్ల టేపు చాలును. 1980 దశకమునుండి తెలుగు ఇండ్లలో పెండ్లి వేడుకలు ఈ కాసెట్లలోనే దాగియున్నవి.

కాని ఇందొక చిక్కు కలదు. పాల్ చిత్రమున ప్రతి గీత 64 మైక్రోసెకనులు ఉండవలెను. టేపు సాగినను, మోటారు ఇసుమంత తొట్రుపడినను, ఆ కాలము హెచ్చుతగ్గులగును. పాతకాలపు టెలివిజన్ పెట్టె ఈ తప్పును చాలవరకు సహించెడిది. కంప్యూటరు సహించదు. 1982 నాటి అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి అది సెకనుకు 1,35,00,000 నమూనాలను కొలిచినట్లు తీసికొనును. గీతలు ఆలస్యముగానో ముందుగానో వచ్చినచో, చిత్రములోని నిలువు స్తంభము పాములాగున వంకరలు పోవును. తప్పు ముదిరినచో కొన్ని ఫ్రేములే జారిపోవును. గంటలో 100 ఫ్రేములు జారినచో చిత్రమునకు ధ్వనికి నడుమ 4 సెకనుల ఎడమేర్పడును. పురోహితుని పెదవులు ఒకచోట, మంత్రము వేరొకచోట!

దీనికి విరుగుడు 1970 దశకమున రూపొందిన సంఖ్యా కాలసవరణ యంత్రము. అది వచ్చిన గీతలను జ్ఞాపకకోశమున నిలిపి, స్థిరమైన గడియారము ప్రకారము ఒక్కొక్కటిగా విడుచును. కొన్ని మేలిరకపు డెక్కులలో ఇట్టిది లోపలనే అమర్చబడియున్నది. డెక్కునకు, కంప్యూటరునకు నడుమ ఈ సవరణ జరుగుటయే ముఖ్యము. తక్కిన అమరికలు దీని తరువాతివి.

సాఫ్ట్‌వేరులో మొదట పాల్ పద్ధతిని ఎన్నుకొనవలెను. డెక్కునకు ఎస్-వీడియో ద్వారమున్నచో దానినే కలుపుట మేలు. అందు కాంతి, వర్ణ సంకేతములు వేర్వేరుగా ప్రయాణించును. చిత్రము 720 × 576 బిందువులు, ధ్వని సెకనుకు 48,000 నమూనాలు. కుదించకుండ దాచినచో గంటకు సుమారు 75 గిగాబైట్లు పట్టును. హఫ్‌యూవీ వంటి నష్టరహిత కుదింపు వాడినచో చోటు చాల తగ్గును, చిత్రమునకు హాని లేదు. జారిన ఫ్రేముల లెక్కను కార్యక్రమము సాగినంతసేపు గమనించవలెను.

జపానులోని ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీ.సి.ఆర్.ల తయారీ ముగించినది. హెడ్లు అరుగును; తేమ ప్రాంతములలో టేపుపై బూజు పట్టును; అట్టి టేపును శుభ్రపరచక నడిపినచో ఆ మురికి హెడ్లకంటి, తరువాతి కాసెట్టును కూడ చెరచును. హెడ్డు అరిగిన డెక్కు నేడు తరచుగా మరొక పాత డెక్కునుండి ఊడదీసిన భాగములతోనే బ్రతుకుచున్నది.