గొర్రెలకి లోయ, మనుషులకి కొండ అంచు: బాడ్‌బే కథ

ఈరోజు ఒక పాడుబడ్డ ఊరి గురించి మాట్లాడుకుందాం.

మ్యాప్ ఓపెన్ చేసి స్కాట్లాండ్ తూర్పు తీరం వెంబడి పైకి, ఉత్తరానికి వెళ్ళండి. కేత్‌నెస్ అనే ప్రాంతం వస్తుంది. అక్కడ ఏ9 హైవే మీద బండి ఆపి సముద్రం వైపు కాస్త నడిస్తే బాడ్‌బే. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. మిగిలింది మొండి గోడలు, గడ్డి, నిటారుగా దిగిపోయే కొండ, దాని కింద సముద్రం. అంతే.

ఇలాంటి చోట ఏది ఇల్లో, ఏది గొర్రెల దొడ్డో ఎలా తెలుస్తుంది? పొయ్యి ఆనవాళ్ళు ఉంటే ఇల్లు. హైలాండ్స్‌లో పాత ఇళ్ళు పొడుగ్గా ఉండేవి, ఒకే కప్పు కింద ఒక చివర మనుషులు, ఇంకో చివర పశువులు. పొయ్యి లేకుండా ఖాళీ జాగా చుట్టూ గోడ మాత్రమే తిరిగి ఉంటే అది దొడ్డి. ఖాళీ చేయించిన చాలా ఊళ్ళలో ఇళ్ళ రాళ్ళు పీకి వాటితోనే దొడ్లు కట్టేశారు.

బాడ్‌బేలో ఇంకో గోడ కూడా ఉంది. మామూలుగా గోడ ఎందుకు కడతాం? మంద చేలో పడకుండా. ఇక్కడ లెక్క తిరగబడింది. గోడకి అవతల, మంచి మేత ఉన్న నేలంతా గొర్రెలది. ఇవతల, గోడకీ కొండ అంచుకీ మధ్య మిగిలిన సన్నటి ముక్క మనుషులది.

అసలు అక్కడ ఊరు ఎవరు కట్టుకుంటారు? ఇష్టపడి ఎవరూ కట్టుకోలేదు. వీళ్ళంతా లాంగ్‌వెల్, ఔస్‌డేల్, బెరిడేల్ లోయల్లో బతికిన కౌలు రైతులు. 1790ల నుంచి ఆ లోయల్ని గొర్రెల ఫారాలుగా మార్చడం మొదలైంది. కారణం సింపుల్. చెవియట్ జాతి గొర్రెలకి ఉన్ని బాగా వస్తుంది, మిల్లులకి ఉన్ని కావాలి. పదుల కుటుంబాలు కలిసి ఇచ్చే కౌలు కంటే ఒక్క గొర్రెల వ్యాపారి ఇచ్చేది చాలా ఎక్కువ. ఒక కాపరి, రెండు కుక్కలు ఉంటే లోయ నడిచిపోతుంది. జనం ఊరుకోలేదు కూడా. 1792లో రాస్ ప్రాంతంలో రైతులు ఒక్కటై వేల గొర్రెల్ని తోలుకుపోయారు. సైన్యం దిగాక ఆ తిరుగుబాటు ఆగిపోయింది. ఆ ఏడాదికి 'గొర్రెల సంవత్సరం' అనే పేరు నిలిచిపోయింది.

అలా లోయల్లోంచి వచ్చినవాళ్ళు బాడ్‌బేలో రాళ్ళు ఏరి ఇళ్ళు కట్టుకున్నారు. మగవాళ్ళు హెర్రింగ్ చేపల వేటకి వెళ్ళేవాళ్ళు. గాలి ఎంత బలంగా కొట్టేదంటే, ఆడవాళ్ళు పని చేసుకునేటప్పుడు పశువుల్ని గుంజకి కట్టేసేవాళ్ళు. ఒక్కోసారి పిల్లల్ని కూడా. లేకపోతే గాలికి కొండ మీంచి పడిపోతారని భయం.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం ఇప్పుడు చెప్తాను. అప్పట్లో లాంగ్‌వెల్ ఎస్టేట్ యజమాని సర్ జాన్ సింక్లేర్. ఇంగ్లిష్‌లో 'స్టాటిస్టిక్స్' అనే మాటని బాగా ప్రచారంలోకి తెచ్చింది ఈయనే. స్కాట్లాండ్‌లో 900 పైగా పారిష్‌ల పాదిరీలకి 160 పైగా ప్రశ్నలు పంపి, జవాబులన్నీ 1791 నుంచి 1799 మధ్య 21 సంపుటాలుగా అచ్చు వేయించాడు. జనం ఎంత సంతోషంగా ఉన్నారో కొలవడమే దీని ఉద్దేశం అన్నాడు. అదే మనిషి, అదే దశాబ్దంలో, సొంత ఎస్టేట్‌లోకి చెవియట్ గొర్రెల్ని తెచ్చాడు.

ఆయన్ని విలన్ అనేస్తే నాకు ఈజీ. కానీ జనాన్ని ఒక్కసారిగా వెళ్ళగొట్టకూడదు, మెల్లగా మార్చాలి, చిన్న కమతాలివ్వాలి అని వాదించిన మనిషి కూడా ఆయనే. దేశం బాగుపడుతుందని నిజంగానే నమ్మాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ రోజూ డ్యాష్‌బోర్డ్ చూసేవాణ్ణి. గ్రాఫ్ పైకి వెళ్తే పార్టీ. ఆ గ్రాఫ్ వల్ల కింద ఎవరికి ఏమైందో చూపించే కాలమ్ అందులో ఉండేది కాదు. నేను అడగలేదు కూడా. ఉన్ని, కౌలు లెక్కలు చూస్తే లాంగ్‌వెల్ కూడా ఒక సక్సెస్ స్టోరీయే. గుంజకి కట్టిన పిల్లలు ఏ కాలమ్‌లో వస్తారు?

బాడ్‌బేలో చివరి మనిషి 1911లో వెళ్ళిపోయారు. 1839లోనే న్యూజిలాండ్‌కి వలస వెళ్ళిన అలెగ్జాండర్ రాబర్ట్ సదర్లాండ్ అనే ఆయన కొడుకు, అదే 1911లో అక్కడ ఒక స్మారక స్తంభం కట్టించాడు. దాని మీద గణాంకాలు లేవు. ఆ ఊళ్ళో బతికినవాళ్ళ పేర్లు చెక్కించాడు.

ఎప్పుడైనా పాత ఊరి శిథిలాలు కనిపిస్తే ఫొటో తీసుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి. పొయ్యి ఎక్కడుందో వెతకండి. గోడ ఎవరి కోసం కట్టారో చూడండి.