ఐబీఎం: చరిత్ర, నాయకత్వం

ఐబీఎం (పూర్తి పేరు ఇంటర్నేషనల్ బిజినెస్ మెషీన్స్ కార్పొరేషన్) న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్మాంక్ కేంద్రంగా పనిచేసే అమెరికన్ కంప్యూటర్ సంస్థ. హాజరు గడియారాలు, దుకాణాల త్రాసులు, లెక్కల యంత్రాలు తయారుచేసే కంపెనీల కలయికగా మొదలై 1960లలో ప్రపంచంలోనే అతిపెద్ద కంప్యూటర్ తయారీదారుగా ఎదిగింది. 1993లో ముక్కలయ్యే పరిస్థితి దాకా వెళ్లి తేరుకుంది. ఇప్పుడు దాని ప్రధాన వ్యాపారం సాఫ్ట్‌వేర్, సలహా సేవలు, మెయిన్‌ఫ్రేమ్‌లు. 2020 ఏప్రిల్‌లో అరవింద్ కృష్ణ సీఈఓ అయ్యారు.

ఆవిర్భావం

సంస్థ పుట్టిన సంవత్సరంపై ఏకాభిప్రాయం లేదు. హెర్మన్ హోలరిత్ టాబ్యులేటింగ్ మెషీన్ కంపెనీని స్థాపించిన 1896 నుంచి కొందరు లెక్కిస్తారు. ఇప్పటి పేరు స్థిరపడిన 1924 నుంచి లెక్కించేవారూ ఉన్నారు. విలీనాలు కుదర్చడంలో పేరుపడ్డ చార్లెస్ ఫ్లింట్ 1911 జూన్ 16న ఆ కంపెనీని, మరికొన్నింటిని కలిపి కంప్యూటింగ్-టాబ్యులేటింగ్-రికార్డింగ్ కంపెనీ (సీటీఆర్) ఏర్పాటు చేశారు. విలీనమైనవి మూడని సాధారణంగా రాస్తారు; బండీ మాన్యుఫాక్చరింగ్‌ను విడిగా లెక్కిస్తే నాలుగవుతాయి. 1924లో మారింది పేరు మాత్రమే కనుక 1911ను తీసుకోవడమే సబబు. సంస్థ కూడా 2011లోనే శతాబ్ది జరుపుకుంది.

థామస్ జె. వాట్సన్ (1874-1956) 1914లో జనరల్ మేనేజరుగా చేరి, మరుసటి ఏడాది అధ్యక్షుడయ్యారు. అంతకుముందు ఆయన పనిచేసిన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ గుత్తాధిపత్య వ్యతిరేక కేసులో 1913లో ఆయనకు జైలుశిక్ష పడింది. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 'థింక్' అనే నినాదాన్ని ఆయన అక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారంటారు. ప్రపంచం మొత్తానికి ఐదు కంప్యూటర్లు చాలునని ఆయన అన్నట్టు చెప్పే ప్రసిద్ధ వాక్యానికి మాత్రం ఆధారం దొరకలేదు.

చిల్లుల కార్డు, అద్దె పద్ధతి

ఐబీఎం సంపదకు మూలం కంప్యూటరు కన్నా ముందు వచ్చిన అట్టముక్క. 1928 నుంచి ప్రామాణికమైన కార్డు ఏడుంబావు అంగుళాలకు కాస్త ఎక్కువ పొడవు, మూడుంబావు అంగుళాల వెడల్పు ఉండేది. దానిపై 80 నిలువు వరసలు, ఒక్కో దాంట్లో 12 స్థానాలు. ఒక అంకెకు ఒక చిల్లు, ఒక అక్షరానికి రెండు చిల్లులు. కార్డు యంత్రంలోకి వెళ్లినప్పుడు లోహపు తీగల బ్రష్షులు దాని మీదుగా జారేవి. చిల్లు ఉన్నచోట బ్రష్షు కింది లోహానికి తగిలి విద్యుత్తు ప్రవహించేది, ఆ చిల్లు సూచించే అంకె మేరకు లెక్క ముందుకు కదిలేది. చిల్లులు దీర్ఘచతురస్రాకారంలో ఉండటానికి కారణం కూడా పొదుపే: గుండ్రటివాటికన్నా దగ్గరదగ్గరగా కొట్టవచ్చు.

యంత్రాలను ఐబీఎం అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. కార్డులు మాత్రం తన దగ్గరే కొనాలని షరతు పెట్టేది. నాసిరకం కార్డులతో యంత్రాలు పాడవుతాయన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు 1936లో తోసిపుచ్చింది. 1956 నాటి రాజీ డిక్రీ యంత్రాలను అద్దెకే కాక అమ్మకానికి కూడా పెట్టాలని ఆదేశించింది. నెలనెలా వచ్చే ఈ అద్దె 1930ల ఆర్థిక మాంద్యంలోనూ ఆగలేదు. గిరాకీ లేని రోజుల్లోనూ వాట్సన్ ఫ్యాక్టరీలు నడిపి సరుకు నిల్వ చేయించారు. 1935లో అమెరికా సామాజిక భద్రతా చట్టం రాగానే రెండున్నర కోట్లకు పైగా ఉద్యోగుల ఖాతాల పని చేతికొచ్చింది. దీన్ని దూరదృష్టి అనేవారూ, అదృష్టం అనేవారూ ఉన్నారు.

ఈ కాలానికే చెందిన చీకటి అధ్యాయం జర్మన్ అనుబంధ సంస్థ డెహోమాగ్. నాజీ ప్రభుత్వం 1933 జనగణనకు దాని యంత్రాలనే వాడింది. 1937లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని వాట్సన్ 1940లో తిప్పిపంపారు. యూదుల వేటలో ఆ యంత్రాల పాత్ర న్యూయార్క్ కార్యాలయానికి తెలుసునని ఎడ్విన్ బ్లాక్ 2001లో ప్రచురించిన గ్రంథంలో వాదించారు. యుద్ధకాలంలో ఆ సంస్థపై న్యూయార్క్ అదుపు ఎంత మిగిలిందన్న విషయంలో చరిత్రకారులు విభేదిస్తున్నారు. యుద్ధానికి ముందు జరిగిన వ్యాపారంపై పెద్దగా వివాదం లేదు, దాని నైతిక భారాన్ని తక్కువ చేయడమూ తగదు.

చిన్న వాట్సన్, సిస్టమ్/360

1952లో అధ్యక్షుడైన థామస్ వాట్సన్ జూనియర్, 1956లో తండ్రి చనిపోవడానికి కొన్ని వారాల ముందు పూర్తి పగ్గాలు అందుకున్నారు. కార్డుల వ్యాపారాన్ని కాదని ఎలక్ట్రానిక్స్ వైపు కంపెనీని నడిపించింది ఆయనే.

1960ల మొదట్లో ఐబీఎం అమ్మే కంప్యూటర్ల మధ్య పొత్తు ఉండేది కాదు. చిన్న యంత్రం నుంచి పెద్దదానికి మారాలంటే ఖాతాదారు ప్రోగ్రాములన్నీ తిరిగి రాసుకోవాల్సి వచ్చేది. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 ఆ బాధ తప్పించింది: కుటుంబంలో ఏ యంత్రానికి రాసిన ప్రోగ్రామైనా మిగతావాటిలో నడవాలన్నది దాని సూత్రం. ఖర్చు 500 కోట్ల డాలర్లని చెబుతారు. కంపెనీ సొంత యంత్రాలన్నీ దీంతో ఒక్కసారిగా పాతబడ్డాయి. రూపకల్పనలో జీన్ ఆమ్‌డాల్, ఫ్రెడ్ బ్రూక్స్, బాబ్ ఎవాన్స్ ప్రముఖులు. ఘనత వాట్సన్‌కు కట్టబెట్టడం పరిపాటి. కానీ విభాగాల మధ్య పోరును తెంచి ఈ పథకాన్ని పట్టాలెక్కించిన విన్సెంట్ లియర్సన్ పాత్రే ఎక్కువని పత్రాలను బట్టి తోస్తుంది. తయారీ చిక్కుల్లో పడ్డప్పుడు వాట్సన్ తమ్ముడు ఆర్థర్ పదవీ ప్రాభవం కోల్పోయారు.

పీసీ, పతనం

లియర్సన్ (1971-73), ఫ్రాంక్ కేరీ (1973-81), జాన్ ఓపెల్ (1981-85) హయాములపై 1969లో ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య దావా నీడ పడింది. దాన్ని 1982లో ఉపసంహరించారు. ఆ జంకు వల్లే కంపెనీ దూకుడు తగ్గిందన్నది ఒక వాదన.

1981 ఆగస్టు 12న విడుదలైన పీసీని ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ బృందం తయారుచేసింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. బయటి విడిభాగాలతో పని త్వరగా పూర్తయింది; అదే విడిభాగాలతో కాంపాక్ వంటి సంస్థలు నకళ్లు తయారుచేయడమూ సులువైంది. జాన్ ఏకర్స్ (1985-93) కాలంలో మెయిన్‌ఫ్రేమ్ రాబడి కుంగి, 1992లో నష్టం దాదాపు 500 కోట్ల డాలర్లకు చేరింది.

గెర్స్‌ట్నర్, ఆ తరవాత

1993 ఏప్రిల్‌లో బిస్కెట్లు, సిగరెట్ల కంపెనీ ఆర్‌జేఆర్ నబిస్కో నుంచి వచ్చిన లూ గెర్స్‌ట్నర్, వాట్సన్‌ల తరవాత బయటి నుంచి నేరుగా వచ్చిన ఏకైక సీఈఓ. కంపెనీని విడగొట్టే ఆలోచన ఆపి, సేవలను ముందుకు తెచ్చారు. సామ్ పాల్మిసానో 2005లో పీసీ విభాగాన్ని లెనోవోకు అప్పగించారు. తొలి మహిళా సీఈఓ జిన్నీ రోమెటీ (2012-20) హయాంలో రాబడి వరసగా 22 త్రైమాసికాలు తగ్గింది. 2019లో 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొన్నదీ ఆమె కాలంలోనే.

భారతదేశంలో

1950ల మొదట్లో ఇక్కడికి వచ్చిన ఐబీఎం 1978లో వెళ్లిపోయింది. పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ వెళ్లగొట్టారన్న మాట వాడుకలో ఉంది. కానీ విదేశీ వాటాను 40 శాతానికి కుదించే ఫెరా చట్టం 1973లో, అంటే ఆయన మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వానికి ముందే వచ్చింది. వివాదం అప్పటి నుంచీ నలుగుతూ వచ్చింది. వదిలివెళ్లిన యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సీఎంసీ చేపట్టింది. హైదరాబాద్ ఈసీఐఎల్ అప్పటికే టీడీసీ కంప్యూటర్లు తయారుచేస్తోంది. 1992లో టాటాలతో కలిసి ఐబీఎం తిరిగి వచ్చింది.

అరవింద్ కృష్ణది పశ్చిమ గోదావరి మూలాలున్న తెలుగు కుటుంబమని ఎక్కువ కథనాలు చెబుతాయి. సైన్యాధికారి కొడుకు. ఆయన చదివిన కాన్పూర్ ఐఐటీకి 1963లోనే ఐబీఎం 1620 చేరింది. ఇల్లినాయ్‌లో డాక్టరేట్ చేసి 1990లో ఐబీఎం పరిశోధనశాలలో చేరారు. రెడ్ హ్యాట్ కొనుగోలుకు సూత్రధారి ఆయనేనంటారు. 2021లో మౌలిక వసతుల సేవల విభాగాన్ని కిండ్రిల్‌గా వేరుచేశారు. అమరావతిలో టీసీఎస్‌తో కలిసి 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరు నెలకొల్పుతామని సంస్థ 2025లో ప్రకటించింది.

అంచనా

కంపెనీని నిలబెట్టింది గెర్స్‌ట్నరేనని ఎక్కువమంది తీర్పు. ఖర్చుల కోత ఏకర్స్ కాలంలోనే మొదలైందని కొందరు గుర్తుచేస్తారు. మొత్తం చరిత్ర చూస్తే ఒక విషయం తేటపడుతుంది: చక్కగా అమ్ముడుపోతున్న సొంత సరుకును తామే పక్కన పెట్టడానికి నాయకులు తెగించినప్పుడు ఐబీఎం ఎదిగింది, దాన్ని కాపాడుకోవాలని చూసినప్పుడు వెనకబడింది. సిస్టమ్/360 మొదటిదానికి ఉదాహరణ. రెండోదానికి పీసీ కన్నా గట్టి ఉదాహరణ ఎడ్గర్ కాడ్ అనుభవం. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ డేటాబేస్ సిద్ధాంతాన్ని ఐబీఎం ఉద్యోగిగా ఆయన 1970లోనే ప్రచురించారు. కంపెనీ తన పాత ఐఎంఎస్ డేటాబేస్‌పై వచ్చే రాబడిని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ సిద్ధాంతం మీద నిర్మించిన సరుకును 1979లో ఒరాకిల్ మార్కెట్లోకి తెచ్చింది. అదే సిద్ధాంతంపై ఐబీఎం సొంత ఎస్‌క్యూఎల్ సరుకు 1981లో గానీ రాలేదు. ఐబీఎం అధిపతుల పనితీరును బేరీజు వేసేటప్పుడు వారు కొన్న కంపెనీల జాబితా కన్నా, తమ పరిశోధనశాలలో పుట్టినదానికి ఎంత త్వరగా దారిచ్చారన్నదే సరైన కొలమానం.