షాన్‌హెచ్‌కు సొంత వ్యాపారం ఉందా? శాంతా బయోటెక్నిక్స్ పన్ను వివాదం: ఒక పరిశీలన

2009లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్‌ను ఫ్రెంచి ఔషధ సంస్థ సనోఫీ కొనుక్కుంది. ఆ బేరంలో అమ్ముడైనవి మాత్రం శాంతా వాటాలు కావు. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించి, 1997లో చవకైన హెపటైటిస్-బి టీకాతో పేరు తెచ్చిన ఆ కంపెనీలో సింహభాగం ఫ్రాన్స్‌లోని షాన్‌హెచ్ అనే కంపెనీ చేతిలో ఉండేది. సనోఫీ కొన్నది ఆ షాన్‌హెచ్ వాటాలను. అమ్మిన మెరియూ అలయన్స్, డస్సో సంస్థలూ ఫ్రాన్స్‌వే.

ఆస్తి ఇక్కడుంది కనుక మూలధన లాభంపై పన్ను ఇక్కడే కట్టాలని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. సొమ్ము చెల్లించేటప్పుడే పన్ను మినహాయించలేదని సనోఫీని బాధ్యురాలిని చేసింది. షాన్‌హెచ్‌కు శాంతా వాటాలను అట్టిపెట్టుకోవడం తప్ప వేరే పనేమీ లేదన్నది శాఖ ప్రధాన వాదన. ముందస్తు తీర్పులిచ్చే ప్రాధికార సంస్థ కూడా 2011లో ఈ ఏర్పాటును పన్ను ఎగవేతకు వేసిన ఎత్తుగానే చూసింది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2013 ఫిబ్రవరి 15న జస్టిస్ గోడా రఘురాం, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావుల ధర్మాసనం షాన్‌హెచ్‌కు వాణిజ్య సారం, వ్యాపార ప్రయోజనం రెండూ ఉన్నాయని తేల్చింది. అది అమ్మకం కోసం అప్పటికప్పుడు పుట్టించిన కంపెనీ కాదు; 2006లో శాంతాలో పెట్టుబడి పెట్టడానికే ఏర్పడింది. విదేశీ పెట్టుబడికి ఒక అనుబంధ సంస్థను పెట్టుకోవడంలో తప్పేమీ కనబడలేదు. కాబట్టి భారత్-ఫ్రాన్స్ పన్ను ఒప్పందంలోని 14వ అధికరణం 5వ పేరా ప్రకారం పన్ను హక్కు ఫ్రాన్స్‌దే. ఇలాంటి పరోక్ష అమ్మకంపై పన్ను చెల్లదన్న సుప్రీంకోర్టు వొడాఫోన్ తీర్పు తరువాత, అలాంటి అమ్మకాలపై పన్ను వేసేందుకు 2012లో వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా చేసిన చట్ట సవరణ కూడా ఆ ఒప్పందాన్ని దాటలేదని కోర్టు చెప్పింది.

అనుబంధ కంపెనీ అసలుదా, డొల్లదా అన్న ఇలాంటి ప్రశ్నకే యూరోపియన్ న్యాయస్థానం 2006లో క్యాడ్‌బరీ ష్వెప్స్ కేసులో వేరే కొలబద్ద వాడింది. ఆ సంస్థకు డబ్లిన్‌లో ఉన్న అనుబంధ కంపెనీలు గ్రూపు కోసం నిధులు సమకూర్చేవి. అక్కడి పన్ను పదిశాతమే. తక్కువ పన్ను కోరుకోవడం నేరం కాదు గాని, కార్యాలయం, సిబ్బంది, సామగ్రి వంటి బయటివారు సరిచూడగల ఆధారాలు ఉండాలని ఆ న్యాయస్థానం అంది. ఆ కొలతతో చూస్తే షాన్‌హెచ్ ఇబ్బంది పడేదేమో. అయితే వాటాలను పట్టుకుని ఉండటమే పనిగా పెట్టుకున్న కంపెనీకి ఎన్ని కుర్చీలున్నాయని లెక్కపెట్టడం వల్ల తేలేది తక్కువ. ఎవరి డబ్బుతో, ఎందుకు, ఎప్పుడు పుట్టిందన్నది అంతకంటే గట్టి ప్రశ్న; హైకోర్టు దాన్నే పట్టుకుంది. చిక్కల్లా ఒకటే: కాలం గడవడాన్నే సాక్ష్యంగా తీసుకుంటే, ఓపికగా వేచి ఉన్న ఏ డొల్ల కంపెనీ అయినా గట్టెక్కుతుంది.

ఆ సందును శాసనమే కొంతవరకు పూడ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన సాధారణ పన్ను ఎగవేత నిరోధక నిబంధనల్లో 97వ సెక్షన్ ప్రకారం ఏర్పాటు ఎంతకాలం సాగింది, దాని కింద పన్నులు కట్టారా, బయటపడే దారి ఏమిటి అన్నవి పరిశీలించదగిన అంశాలే గాని, వాణిజ్య సారం ఉందని తేల్చడానికి అవి మాత్రమే చాలవు. ఆ తేదీకి ముందు పెట్టిన పెట్టుబడులను అమ్మితే వచ్చే లాభాలకు మాత్రం ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు.