ఇల్లు, పని, చట్టము



పల్లె విడిచి పట్టణమునకు పోయినవానికి మొదట కావలసినవి రెండు: చేయుటకు పని, తల దాచుకొనుటకు ఇల్లు. ఈ రెండును దొరికిన యెడల తక్కినవి మెల్లగా సమకూరును. పని వచ్చినవాడై, అద్దె డబ్బు చేతనుంచుకొని నిలిచియున్న మనుష్యుని చూచి, “నీ జాతివానికి ఇయ్యము” అని ఒకడు తలుపు వేసికొనిన యెడల అది కేవలము ఆ యజమాని ఇష్టమా, లేక ప్రభుత్వము విచారింపవలసిన అన్యాయమా? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు రాష్ట్రములు ఏ విధముగా జవాబు చెప్పెనో ఆలోచింతము.

1941లో ఆ దేశము యుద్ధసామగ్రి విస్తారముగా తయారుచేయుచుండెను. కర్మాగారములలో పనివారు కావలసియున్నను నల్లజాతివారిని అనేక చోట్ల చేర్చుకొనలేదు. అప్పుడు రైలు పోర్టర్ల సంఘ నాయకుడైన ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, వేలాది జనముతో రాజధానికి నడచి వచ్చెదనని ప్రకటించెను. అధ్యక్షుడు రూజ్వెల్టు జూన్ 25న, రక్షణ పరిశ్రమలలో జాతిభేదము చూపరాదని ఆజ్ఞ ఇచ్చెను. గాని ఆ ఆజ్ఞను అమలుపరచుటకు ఏర్పడిన సంఘము 1946లో ముగిసిపోయెను.

ఇంతలో రాష్ట్రములు ముందుకు వచ్చెను. 1945 మార్చి 12న న్యూయార్కు గవర్నరు డ్యూయీ ఒక చట్టముపై చేవ్రాలు చేసెను. ప్రైవేటు ఉద్యోగములలో జాతి, మతము, వర్ణము, పుట్టిన దేశము అను భేదములను నిషేధించి, దానిని అమలుపరచు అధికారము గల సంఘమును నియమించిన మొదటి రాష్ట్రము అదియే. దానిని ప్రతిపాదించిన ఐవ్స్, క్విన్ అనువారు రెండు ఎదుటి పార్టీలవారు. ఆ చట్టము నడచిన తీరు గమనింపుడి. అన్యాయము పొందినవాడు ఫిర్యాదు చేయును. సంఘము విచారించి, మొదట యజమానిని పిలిచి మాటలతో ఒప్పింప ప్రయత్నించును. అతడు వినని యెడల బహిరంగ విచారణ జరిపి ఆజ్ఞ ఇచ్చును. శిక్షించుటకు ముందు సమాధానపరచుట దాని పద్ధతి. గాని వెనుక అధికారము లేకుండ ఆ సమాధానపు మాటకు బలము లేదు.

ఇంటి విషయము ఇంకను కష్టమాయెను. కాలిఫోర్నియాలో ఉద్యోగముల చట్టము 1946లో ప్రజల ఓటులో ఓడిపోయి, 1959లో గాని రాలేదు. ఆ తరువాత బర్క్‌లీ నగరపు మందుల దుకాణదారుడును, నల్లజాతి శాసనసభ్యుడునైన బైరన్ రమ్‌ఫోర్డ్ ఇండ్ల చట్టమును చేపట్టెను. 1963లో అది నెగ్గెను. ప్రభుత్వ సహాయముతో కట్టిన ఇండ్లలోను, ఐదు లేక అంతకు మించిన వాటాలు గల భవనములలోను జాతినిబట్టి ఎవరికిని ఇల్లు నిరాకరింపరాదని అది విధించెను.

స్థలములు, ఇండ్లు అమ్మిపెట్టు వర్తకుల సంఘము ఊరకుండలేదు. తన ఆస్తిని ఎవరికి అమ్మవలెనో, ఎవరికి అద్దెకియ్యకూడదో యజమాని ఇష్టమేయని రాష్ట్ర రాజ్యాంగములోనే వ్రాయింపవలెనని, 14వ ప్రతిపాదన అనుదానిని ప్రజల ముందు పెట్టిరి. అనేక సంఘముల బోధకులు దానికి విరోధముగా ప్రసంగించిరి. మార్టిన్ లూథర్ కింగ్ తానే వచ్చి వద్దని బతిమాలెను. అయినను 1964 నవంబరులో నూటికి సుమారు 65 మంది దానిని అంగీకరించిరి. ఆ ఓట్లలో ఆదివారమున ఆ బోధకులయెదుట కూర్చున్నవారివి ఒక్కటియు లేవని ఎవరనగలరు?

ఇంకొక సంగతి వినుడి. ఆ సంవత్సరము జూలైలో పౌరహక్కుల చట్టముపై చేవ్రాలు చేసిన అధ్యక్షుడు జాన్సనుకు, అదే దినమున, అదే రాష్ట్ర ప్రజలు గొప్ప ఆధిక్యతతో ఓటు వేసిరి. దూరమందున్న దక్షిణ రాష్ట్రముల అన్యాయము వారికి కనబడెను. తమ వీధిలోనిది కనబడలేదు.

ఇల్లు దొరకని ఒక నల్లజాతి దంపతులు న్యాయస్థానమునకు పోయిరి. 1966లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమును, 1967లో దేశపు సుప్రీముకోర్టును ఆ ప్రతిపాదనను కొట్టివేసెను. ప్రభుత్వము ఊరకుండుట వేరు, భేదము చూపుటకు రాజ్యాంగములోనే ఆసరా ఇచ్చుట వేరు అని తీర్పు. సుప్రీముకోర్టులో ఐదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ఒక్క మనిషి తేడాతో న్యాయము నిలిచెను. 1968 ఏప్రిల్‌లో, కింగ్ హత్య జరిగిన వారము దినములకు, దేశమంతటికిని ఇండ్ల చట్టము వచ్చెను.

“చట్టము హృదయమును మార్చునా?” అని కొందరు అడుగుదురు. మార్చదు. గాని పిల్లలతో వీధిలో నిలిచినవాడు యజమాని హృదయము మారువరకు ఎక్కడ పండుకొనును? హృదయము మార్చుట ఒక పని, తలుపు తెరిపించుట ఒక పని. మొదటిది ఆలస్యమగునని రెండవదానిని ఆపుట న్యాయము కాదు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. మన తెలుగువారు ఆ దేశములో అనేకులు కాపురమున్నారు. కులమును వెంటబెట్టుకొని పోయినవారును కలరు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ, అమెరికా నగరములలో మొదటిదిగా, నిషేధింపబడిన భేదములలో కులమును చేర్చెను. అదే సంవత్సరము కాలిఫోర్నియా శాసనసభ అట్టి బిల్లును నెగ్గించగా, కులభేదము ఇప్పుడున్న చట్టముల క్రిందనే నిషిద్ధమని చెప్పి గవర్నరు దానిని అక్టోబరులో త్రోసివేసెను.

చదువరీ, నీకు అద్దెకిచ్చు గది యున్నదా? వచ్చినవానిని అద్దె సంగతి అడుగుము, నడవడి విచారించుము, కులము అడుగకుము. కూలికి పిలుచుకొన్నవానిని పనినిబట్టి చూడుము. నీ కుమారునికే పట్టణములో ఇల్లు నిరాకరింపబడిన యెడల, చెప్పినవాని పేరు, చెప్పిన మాట, ఆ తేదీ కాగితముమీద వ్రాసియుంచుమని వానికి చెప్పుము. న్యూయార్కులోను కాలిఫోర్నియాలోను నోరు మూసికొని ఇంటికి పోయినవారివలన కాదు, వచ్చి ఫిర్యాదు చేసినవారివలననే ఆ చట్టములు పనిచేసెను.