టర్బో మీట నుంచి బ్యాలెన్స్‌డ్ మోడ్ దాకా

ల్యాప్‌టాప్‌లో పవర్ మోడ్ అనగానే బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటనుకుంటాం. దాని మూలాలు మాత్రం బ్యాటరీయే లేని డెస్క్‌టాప్ పీసీల్లో ఉన్నాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. అప్పటి ఆటలు కొన్ని ఆ వేగాన్నే గడియారంగా నమ్ముకుని రాసినవి. అంతకన్నా వేగమైన నకలు పీసీలు బజారులోకి వచ్చేసరికి ఆ ఆటల్లో బొమ్మలు ఆడేవాళ్ళకి అందకుండా పరుగులు తీశాయి. అందుకని డబ్బా ముందు ఒక మీట పెట్టారు. దాని పేరు టర్బో, అసలు అవసరం మాత్రం వేగం తగ్గించడం. కొన్నిటికి పక్కనే మెగాహెర్ట్జ్ చూపే అంకెలు వెలిగేవి. అవి దేన్నీ కొలిచేవి కావు, లోపల జంపర్లు ఎలా పెడితే అలా వెలిగేవి. అమ్మేవాడి దయ! అయినా యంత్రం ఎంత వేగంగా నడవాలో దాని ముందు కూర్చున్న మనిషే చెప్పాలని ఒప్పుకున్న మీట అది. ఆ తర్వాత ఈ నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తప్పించాలని పరిశ్రమ పదే పదే చూసింది. మీట ప్రతిసారీ వేరే రూపంలో తిరిగొచ్చింది. అలా రావడం యాదృచ్ఛికం కాదని నా వాదన.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతిలో కరెంటు వాడకం మీద పెత్తనం చాలావరకు బయాస్‌ది, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాముది. మనిషి టైప్ చేస్తున్నాడో సినిమా చూస్తున్నాడో బయాస్‌కేం తెలుసు? 1996 డిసెంబరులో తోషిబా కూడా కలిసి తయారుచేసిన ఏసీపీఐ ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగించింది. 2000 జనవరిలో మొబైల్ పెంటియం 3తో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ వచ్చింది. 650 మెగాహెర్ట్జ్ చిప్, ఛార్జర్ తగిలించి ఉంటే 1.6 వోల్టుల మీద పూర్తి వేగంతో నడిచేది. వైరు పీకితే 1.35 వోల్టులకీ 500 మెగాహెర్ట్జ్‌కీ దిగేది. చిప్ లెక్కలు చేయడానికి ఖర్చయ్యే కరెంటు వేగాన్ని బట్టి మారుతుంది, వోల్టేజి వర్గాన్ని బట్టి కూడా మారుతుంది. ఆ సూత్రంతో లెక్కేస్తే వేగం 23 శాతం తగ్గినప్పుడు ఖర్చు, దాంతోపాటు వేడి, సుమారు 45 శాతం తగ్గుతాయి. మోడ్ మార్చడంలోని బేరమంతా ఇదే. ఆఖరి కాస్త వేగానికే అన్నిటికన్నా ఎక్కువ ఖరీదు. అయితే స్పీడ్‌స్టెప్ వైరుని చూసి వాడేవాళ్ళ మనసు ఊహించింది. రాత్రిపూట ఛార్జర్ పెట్టుకున్నా, పక్కన పిల్లలు నిద్రపోతున్నారని ఫ్యాను మోత వద్దనుకునేవాళ్ళ సంగతి వైరుకి తెలియదు. ఇంటెల్‌కీ ఆ ఊహ మీద పూర్తి నమ్మకం ఉన్నట్టు లేదు. మీరే మార్చుకోవచ్చంటూ టాస్క్‌బార్ మూలన ఒక చిన్న గుర్తు కూడా పెట్టింది.

2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో పవర్ స్కీముల పేర్లు చూడండి: హోమ్/ఆఫీస్ డెస్క్, పోర్టబుల్/ల్యాప్‌టాప్, ప్రెజెంటేషన్, ఆల్వేస్ ఆన్, మినిమల్ పవర్ మేనేజ్‌మెంట్, మ్యాక్స్ బ్యాటరీ. ఒకదానికొకటి పొంతన లేని జాబితా. కానీ వాటిలో సగం, మీరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతాయి. తర్వాతి విండోస్ విస్టా దాన్ని పవర్ సేవర్, బ్యాలెన్స్‌డ్, హై పెర్ఫార్మెన్స్ అని మూడుకి కుదించింది. చూడ్డానికి శుభ్రంగా ఉంది, కానీ మనిషి పని గురించిన ప్రశ్న పోయి యంత్రం గురించిన ప్రశ్న మిగిలింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. సాఫ్ట్‌వేర్, చిప్ కలిసి సెకనులో ఎన్నోసార్లు వేగం సరిచేసుకుంటుంటే మనిషి వేలు పెట్టడం దండగ కదా? ఏ క్షణానికి ఎంత వేగమన్నది నిజంగానే మనిషి తేల్చలేడు. మోడ్ తేల్చేది అది కాదు, ఎంత వేడి దాకా, ఎంత చప్పుడు దాకా పోవచ్చన్న హద్దుని. 2004లో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని ఇంటెల్ మానుకుంది. వేగం పెంచుకుంటూ పోతే వేడి అడ్డొస్తుందని అప్పటికే అందరికీ అర్థమైంది. అందుకని 2011 నాటి టర్బో బూస్ట్ 2.0 చిప్‌ని కాసేపు తన వాట్ల పరిమితి దాటనిచ్చి, తర్వాత వెనక్కి లాగింది. 2017 నాటి కోర్ ఐ7-8550యూ చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. 15 వాట్ల చిప్, కనీస హామీ 1.8 గిగాహెర్ట్జ్, పైకి 4.0 దాకా వెళ్తుంది. కంపెనీ తలచుకుంటే 10 వాట్లకి కుదించవచ్చు, 25కి పెంచవచ్చు. ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు రెండు తీర్లుగా నడవడానికి ఇంత జాగా ఉంది. ఈ జాగాలో ఎక్కడ నిలబడాలన్నది కొలత చెప్పే విషయం కాదు, ఇష్టం చెప్పే విషయం. సెన్సరు చిప్ ఎంత వేడెక్కిందో చెబుతుంది. ఆ మోత ఎవరిని విసిగిస్తోందో చెప్పదు.

2021లో లైనక్స్ 5.12 ఈ సంగతి దాచుకోకుండా ఒప్పుకుంది. అందులోని ప్లాట్‌ఫామ్ ప్రొఫైల్ జాబితాలో ‘కూల్’ వేరు, ‘క్వైట్’ వేరు. ఫ్యాను జోరుగా తిరిగితే చల్లబడుతుంది కానీ హోరెత్తుతుంది, నెమ్మదిగా తిరిగితే ఒడిలో పెట్టుకోలేనంత వేడి. వేగం, చల్లదనం, నిశ్శబ్దం మూడూ కావాలంటే కుదరదు.

ఫ్యానే లేని ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ 2020లో వచ్చాక ఈ చర్చ ముగిసిందన్నవాళ్ళున్నారు. కాదు, అక్కడ నిశ్శబ్దం అనే మోడ్‌ని కొనేటప్పుడే ఎంచుకున్నారంతే. ఎడతెగని పని పడితే అదీ వేగం తగ్గించుకుంటుంది. మరుసటి ఏడాది యాపిలే మ్యాక్‌ఓఎస్ మాంటెరీలో లో పవర్ మోడ్ పెట్టింది. ఎం1 మ్యాక్స్ ఉన్న 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకి హై పవర్ మోడ్ కూడా ఇచ్చింది. దాని పని, ఫ్యాన్లని ఇంకాస్త గట్టిగా తిరగనివ్వడం.

పైగా యాపిల్ తన ల్యాప్‌టాప్‌లు వాడటానికి చెప్పే గది వేడి 10 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45కి చేరే రోజుల్లో ఏసీ లేని గది 35 దగ్గర ఆగదు. చిప్ 95 డిగ్రీలు దాటకూడదనుకుంటే, 25 డిగ్రీల గదిలో గాలికీ దానికీ తేడా 70, 40 డిగ్రీల గదిలో 55. ఫ్యాను అదే, మోతా అదే, బయటికి నెట్టే వేడి మాత్రం ఐదో వంతు తక్కువ. అక్కడ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే చిప్ పరుగెత్తి, వేడెక్కి, తగ్గి, మళ్ళీ పరుగెత్తుతుంది. ఒక మెట్టు దించితే దాదాపు అంతే పని, ఎగుడుదిగుళ్ళు లేకుండా సాగుతుంది.