తరిగొండ వెంగమాంబ మలివయసు

పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాక, ఇంట్లో మన మాటకు విలువ కాస్త తగ్గాక, “ఇక కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోండి” అంటారు నలుగురూ. కూర్చోవడమేనా? రెండు వందల ఏళ్ల కిందట మన తెలుగునాట ఒకావిడ ఏం చేశారో చూడండి.

వెంగమాంబగారు 1730లో, వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టారు. చిన్ననాడే పెళ్లి, చిన్ననాడే వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి మిగిలేదేమిటో మీకు వేరే చెప్పాలా? వంటింటి చాకిరీ, చావడిలో ఓ చాప. ఆమె మాత్రం నా భర్త వేంకటేశ్వరుడే, బొట్టూ పూలూ తీయనన్నారట. ఊరు ఊరుకుంటుందా! నానా మాటలూ అన్నది. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దగ్గర ఉపదేశం పొంది, చివరకు తిరుమల చేరి అక్కడే ఉండిపోయారు.

కొండమీద ఆమె మహిమల కథలు బోలెడు చెప్పుకుంటారు. వాటినలా ఉంచండి. నాకు మటుకు ఆవిడ రాసిన పుస్తకాల పట్టికే పెద్ద మహిమ. గురువు దగ్గర ఓనమాలైనా నేర్వలేదని తనే చెప్పుకున్న మనిషి, తిరుమలలో ఉండగా యక్షగానాలు రాశారు, భాగవతాన్ని ద్విపదలో చెప్పారు, “వేంకటాచల మాహాత్మ్యం” రాశారు. వాటిలో “వాసిష్ఠ రామాయణం” సంగతి కాస్త చెప్పాలి.

తీర్థయాత్రలు చేసి వచ్చిన పడుచు రాముడికి ఉన్నట్టుండి తిండి సయించదు. రాజ్యం వద్దు, ఎవరితోనూ మాటల్లేవు. తండ్రి బెంగపడతాడు. అప్పుడు వసిష్ఠుడు, “నీకేం తక్కువ నాయనా” అని కసరకుండా, కథ వెంట కథ చెప్పి ఆ దిగులును మెల్లగా విప్పుతాడు. రాముడు సన్యాసులలో కలవలేదు. లేచి విశ్వామిత్రుడి వెంట పనిమీద వెళ్లాడు. మనోవ్యాధికి మందు లేదంటాం గదా, ఆ గ్రంథం నిండా ఉన్నది ఆ మందే. దాన్ని ఆమె పండితుల వృత్తాలలో కాకుండా ద్విపదలో చెప్పడం ఊరికే కాదనిపిస్తుంది. రెండేసి పాదాలు, రోకలి పట్టుకున్న ఆడవాళ్లు కూడా పాడుకోవచ్చు. ఒంటరితనం తెలిసిన మనిషి గదా!

ఇంతేనా, నృసింహ జయంతికి కొండకు వచ్చినవారికి అన్నం పెట్టించేవారట. పిల్లాపాపల్లేని ఆవిడ పంక్తికి అంతమంది! 2011లో తిరుమలలో ప్రారంభించిన పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు.

1817లో, ఎనభై ఏడో ఏట కన్నుమూశారు. తిరుమలలోనే ఆమె బృందావనం ఉంది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని అక్కడ ఓ నానుడి. ఈనాటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆమె పేరుమీద ముత్యాల హారతి ఇచ్చాకే గుడి తలుపులు మూస్తారు.