వర్ణమాల – నోటి పరీక్ష

గరికపాడు బడిలోనైనా, జగ్గయ్యపేట బడిలోనైనా పిల్లలు క, చ, ట, త, ప వర్గాలను ఒకే వరుసలో వల్లిస్తారు. ఆ వరుస గొంతు దగ్గర మొదలై పెదవులతో ముగుస్తుంది. పాణినీయ శిక్ష వర్ణములు పుట్టే స్థానాలు ఎనిమిదని చెప్పినది: రొమ్ము, కంఠము, శిరస్సు, నాలుక మొదలు, దంతాలు, ముక్కు, పెదవులు, అంగిలి.

ఈ స్థానాలలో లోపలివాటిని కంటితో చూడగలుగుట ఇటీవలి సంగతి. 1854లో మాన్యుయెల్ గార్షియా అనే సంగీతాచార్యుడు చిన్న అద్దముతో తన స్వరతంత్రుల కదలికను చూచాడు. 1871లో ఓక్లీ కోల్స్ అనే ఆంగ్ల దంతవైద్యుడు అంగిలికి జిగురు, పిండి పూసి, నాలుక ఎక్కడ తగులుతున్నదో గుర్తించాడు.

నేటి పరీక్షకుడు పెదవులు, పళ్లు, నాలుక, అంగిలి, కొండనాలుక వరుసగా చూస్తాడు. "బ" పలుకునప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కుదారిని మూయవలెను. అంగిలి చీలియున్నచో గాలి ముక్కులోనికి పోయి, "బడి" కాస్తా "మడి"గా వినిపించవచ్చును. అప్పుడు ముక్కు క్రింద పట్టిన అద్దము మసకబారుతుంది. ఒక్కొక్కప్పుడు చీలిక పైపొర క్రింద దాగియుండును. రెండుగా చీలిన కొండనాలుక దానికి గుర్తు కావచ్చును.

కాబట్టి "మడి" అన్న విద్యార్థిని ఉపాధ్యాయుడు మందలించరాదు. ముందు చెవిని, నోటిని పరీక్ష చేయించవలెను. ఇట్టి పరీక్షకు, శిక్షణకు మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది.